ఖాళీ గడి

సోమవారం మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. గొడవంతా అక్కడ మొదలైంది.

చప్పట్లు ఒక సాఫ్ట్‌వేర్ కోసం. నీళ్ళ పంపులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలోకి అది ఈ ఏడాది మొదట్లోనే వచ్చింది. ఏ పంపుకి ఏ డ్రాయింగు, దాన్ని ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, ఆ మార్పు ఇప్పుడు ఎవరి దగ్గర ఆగి ఉంది, తరవాత ఎవరి వంతు, అన్నీ అందులో కనిపిస్తాయి. పంపు కాగితం మీద పుట్టిన దగ్గర్నుంచి తుక్కులోకి పోయేదాకా దాని జాతకమంతా ఒక్కచోట ఉంటుందన్నమాట.

"మొన్న పాత కొలతలతో కాస్టింగుల ఆర్డరు వెళ్ళిపోబోతుంటే సిస్టమ్ పట్టుకుంది. లేకపోతే లాటంతా తుక్కే. దీన్ని పట్టుబట్టి తెచ్చిన ప్లానింగ్ మేడమ్‌కి అందరూ ఒకసారి..." అన్నాడు డిజైన్ మేనేజరు, తనే ముందు చేతులు కలుపుతూ.

గోడవార కుర్చీలో కూర్చున్న రివిజనక్క కూడా చప్పట్లు కొట్టింది. కొట్టకపోతే బాగుండదు గనక కొట్టింది. అరచేతులు కలిశాయి గాని చప్పుడు రాలేదు. ఇలాంటి తప్పులు ఆమె ఎన్ని పట్టుకుందో లెక్కలేదు. డ్రాయింగు చేతిలోకి తీసుకుంటే చాలు, మూలన ఉన్న తేదీ చూడకుండానే ఇది పాతదో కొత్తదో చెప్పేసేది. అప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మిషన్ షాపు ఫోర్‌మన్ మాత్రం "బతికించావక్కా" అని కాగితం లాక్కుని పరిగెత్తేవాడు. మనిషి పట్టుకుంటే అది ఉద్యోగం, మిషను పట్టుకుంటే అద్భుతం.

అంతవరకు సరిపెట్టుకునేదే. కానీ చప్పట్ల మధ్యలో ప్లానింగ్ మేడమ్ వెనక్కి తిరిగి సరిగ్గా ఈమె వైపే చూసి నవ్వింది. ఆ ప్లానింగ్ మేడమ్ మరెవరో కాదు, రివిజనక్క మరిది భార్య. ఒకే ఇంట్లో కింద ఈమె, పైన ఆమె. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందనే సామెత పుట్టించిన మహాతల్లి ఎవరో గాని, ఆవిడ కూడా ఇలాంటి మీటింగులో ఎక్కడో గోడవార కూర్చునే ఉంటుంది.

రివిజనక్క ఏడవలేదు. ఆ నవ్వుకి మాత్రం మండింది. ఆ మంట మీటింగు అయ్యాక కూడా ఆరలేదు.

రివిజనక్క అన్న పేరు ఆమెకి ఆఫీసు పెట్టింది. డ్రాయింగు మార్చిన ప్రతిసారీ వచ్చే కొత్త కాపీని అక్కడ రివిజను అంటారు. "అక్కా, ఈ రెండిట్లో ఏ రివిజను కరెక్టు?" అని రోజంతా ఎవరో ఒకరు వచ్చి అడిగేవారు. అడగడానికి వచ్చినవాళ్ళ కోసం ఆమె బల్ల పక్కన ఒక కుర్చీ ఉండేది. కూర్చుని కూర్చుని దాని రెక్సిన్ చిరిగి, లోపలి స్పాంజి బయటికి వచ్చింది. సెలవు రోజుల్లో కూడా ఫోన్లు వచ్చేవి. అన్నం ముందు కూర్చుని, కలిపిన చెయ్యి పళ్ళెంలోనే ఉంచి, ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని "అది కాదు, దాని ముందుది తియ్యి" అని చెప్పేది. "ఈ ఆఫీసువాళ్ళు నిన్ను ముద్ద మింగనివ్వరు కదా" అని అత్తగారు విసుక్కునేది. రివిజనక్క కూడా పైకి విసుక్కునేది. లోపల ఆ విసుగంత తీపి మరొకటి ఉండేది కాదు.

ఇప్పుడా కుర్చీ ఖాళీ. ఇదివరకు ఒక మార్పు కాగితం బల్ల నుంచి బల్లకి నడిచి సంతకాలన్నీ అయ్యేసరికి వారం పట్టేది. మధ్యలో ఎవరి సొరుగులోనో నిద్రపోయేది. షాపువాళ్ళు ఆగలేక, ఫోన్‌లో తీసుకున్న ఏ పాత ఫోటోనో చూసి పని మొదలుపెట్టేసేవారు. తరవాత తిట్లు, తుక్కు, ఆదివారం డ్యూటీలు. ఇప్పుడు పొద్దున పెట్టిన మార్పు మధ్యాహ్నానికి అయిపోతోంది. ఎవరి దగ్గర ఆగిందో అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ఆపడం లేదు. వచ్చే వారం ఎవరికి ఏ పని ఉందో ఈ వారమే తెలిసిపోతోంది. సాయంత్రం చీకటి పడకముందే హాలు ఖాళీ అవుతోంది. డ్రాఫ్ట్స్‌మన్ ఒకడు కూతురిని ఈతకి తీసుకెళ్తున్నాడట. ఆ మాట విని అందరూ సంతోషించారు. రివిజనక్కకి మాత్రం ఆ పిల్ల ఈత మీద కూడా కుళ్ళు పుట్టింది.

మంగళవారం టీ వేళ తోడికోడలు రెండు కప్పులు పట్టుకుని వచ్చి, ఆ చిరిగిన కుర్చీలోనే కూర్చుంది.

"అక్కా, పాత మోడల్ పంపుల వివరాలు మీరు తప్ప ఎవరూ పెట్టలేరు. తొందరేం లేదు, నెమ్మదిగా పెట్టండి. కానీ ఒక్కటి మాత్రం రేపటికి కావాలి."

"ఏది?" అంది రివిజనక్క, కప్పులోకి చూస్తూ.

"కొండ మీద కాలనీకి నీళ్ళెక్కించే పంపు ఉంది కదా, దాని బేరింగ్ హౌసింగ్ పగిలిందట. పచ్చి కాస్టింగు మన స్టోర్లో ఉంది. గురువారం పొద్దున్నే షాపులో పెట్టి బోరు కొట్టి రంధ్రాలు వేస్తే సాయంత్రానికి ఇచ్చేయొచ్చు. ప్లాన్‌లో పెట్టేశాను."

"నన్ను అడక్కుండానే పెట్టేశావా?"

తోడికోడలు కప్పు కింద పెట్టింది. "మీరు పెడతారన్న ధైర్యంతో పెట్టానక్కా."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని రివిజనక్క వెతికింది. దొరకలేదు. దొరకనందుకు ఇంకా మండింది.

ఆ హౌసింగ్ సంగతి ఆమెకి అరచేతిలో గీతంత బాగా తెలుసు. పంపులో తిరిగే ఇరుసుని పట్టి ఉంచే ఇనుప గూడు అది. ఎప్పుడో ఇనుము కరిగించి కాస్టింగులు పోసే కంపెనీ మారినప్పుడు దాని రంధ్రాల మధ్య దూరం కూడా మార్చారు. డ్రాయింగు నంబరు మాత్రం మార్చలేదు. కాబట్టి కొత్త పంపులకి కొత్త డ్రాయింగు, ఆ మార్పుకి ముందు అమ్మిన పంపులకి పాత డ్రాయింగు. కొత్త కొలతతో చేసిన గూడు పాత పంపు మీద కూర్చోదు. ఈ ముక్క ఏ కాగితం మీదా లేదు. ఆ మార్పు చేసినాయన రిటైరయ్యాడు. ఇప్పుడది రివిజనక్క బుర్రలో ఒక్కచోటే ఉంది.

బుధవారం ఆమె ఆ హౌసింగ్ వివరాలు తెరిచింది. పేరు, బరువు, లోహం, పాత డ్రాయింగు, కొత్త డ్రాయింగు అన్నీ ఎక్కించింది. చివర ఒక గడి ఉంది: ఏ పంపులకి వర్తిస్తుంది?

ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. రెండు ముక్కలు రాస్తే అయిపోతుంది. రాస్తే ఇక ఈ ముక్క కోసం కూడా ఎవరూ ఆ కుర్చీలో కూర్చోరు. అద్దాల గదిలో తోడికోడలు మేనేజరుకి ఏదో చూపిస్తోంది, ఆయన తల ఊపుతున్నాడు. ఆమె నవ్వింది. ఎందుకు నవ్విందో ఇక్కడికి వినిపించలేదు.

కాగితం రోజుల్లో ఆ ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. డ్రాయింగు మీద ఆ గడి ఖాళీగా ఉంటే 'అన్నిటికీ వర్తిస్తుంది' అని అర్థం. ఎవరూ రాసి పెట్టిన నియమం కాదు, అందరికీ తెలిసిన సంగతి. ఖాళీగా వదిలేస్తే సిస్టమ్ కొత్త డ్రాయింగు ఇస్తుంది. ఫోర్‌మన్ జాగ్రత్తపరుడు, పాత పంపు అనగానే డ్రిల్లు పెట్టేముందు ఫోన్ చేస్తాడు. "కొత్తది కాదురా, పాతది తియ్యి" అని తను ఒక్క మాట చెబుతుంది. ఎవరికీ నష్టం లేదు. పది నిమిషాల పని. కానీ సిస్టమ్‌కి తెలియనిది ఎవరికి తెలుసో ఆ పది నిమిషాల్లో అందరికీ తెలిసొస్తుంది. చప్పట్లు కొట్టిన చేతులకి కూడా.

గడి ఖాళీగా వదిలి, భద్రపరచు అన్న బొత్తాం నొక్కింది. తరవాత మేనేజరు దగ్గరికి వెళ్ళి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "ఒళ్ళు వెచ్చగా ఉంది సార్, రేపు రాలేనేమో" అంది.

గురువారం పొద్దున్నే తోడికోడలు కిందికి దిగి వచ్చింది. ఆఫీసుకి తయారై ఉంది, చేతిలో టాబ్లెట్ల అట్ట.

"జ్వరం ఎక్కువగా ఉందా అక్కా?"

"అంతేం లేదు. పడుకుంటే అదే పోతుంది."

"పడుకోండి. ఆఫీసు గురించి అసలు ఆలోచించకండి."

ఆలోచించాల్సిన అవసరమే లేదని ఎంత అందంగా చెప్పిందో అనుకుంది రివిజనక్క. ఆమె వెళ్ళగానే లేచి కూర్చుని, ఫోన్ ఛార్జింగు చూసుకుని, సౌండ్ పెంచి, దిండు పక్కన పెట్టుకుంది.

షాపు తెరిచే వేళ అయింది. ఇప్పుడు కాస్టింగు బల్ల మీద పెడుతుంటారు. ఇప్పుడు బిగిస్తుంటారు. ఇప్పుడు ఫోర్‌మన్ డ్రాయింగు చూసి గడ్డం గోక్కుంటుంటాడు. ఫోన్ మోగలేదు. అత్తగారు వేడి పాలు తెచ్చి ఇచ్చింది. తాగింది. ఫోన్ మోగలేదు. మధ్యాహ్నానికి అనుమానం వచ్చి, వంటింట్లో ఉన్న అత్తగారి ఫోన్ తీసుకుని తన నంబరుకి తనే చేసుకుంది. శుభ్రంగా మోగింది.

"ఎవరే?" అంది అత్తగారు అవతలి గదిలోంచి.

"ఎవరూ కాదత్తయ్యా."

ఆ మాట తన చెవికే ఎలాగో వినపడింది. మంచం మీదికి తిరిగి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. అంటే అడగకుండానే కొట్టేశారన్నమాట. ఫోర్‌మన్ కూడా స్క్రీన్ చూసి పని చేసే రకం అయిపోయాడు. ఏరు దాటాక తెప్ప తగలేశారు. గూడు తప్పుగా తయారవడం కన్నా, తనని ఒక్కడూ తలుచుకోకపోవడం ఆమెని ఎక్కువగా కోసింది. కాలనీలో నీళ్ళు లేవన్న సంగతి అప్పుడు గాని గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కూడా ఫోన్ చేయడానికి చెయ్యి రాలేదు. వాళ్ళే చెయ్యాలి. ఒక్కసారి, ఒక్కరైనా చెయ్యాలి.

సాయంత్రం గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. తోడికోడలి నడక ఆమెకి తెలుసు. రివిజనక్క గబుక్కున కళ్ళు మూసుకుంది. ఇవాళ కూడా ఏదో గెలిచి వచ్చి ఉంటుంది, చెప్పకపోతే తోచదు.

"అక్కా..." గుమ్మంలోంచి మెల్లగా పిలిచింది తోడికోడలు.

రివిజనక్క దొంగకి తేలు కుట్టినట్టు కదలకుండా పడుకుంది.

"పొద్దుటినుంచీ అలాగే ఉందమ్మా. లేపమంటావా?" అంది అత్తగారు.

"వద్దత్తయ్యా, పడుకోనివ్వండి" అంది తోడికోడలు. మెట్లెక్కుతున్న అడుగులు ఎప్పటికన్నా నెమ్మదిగా ఉన్నాయి.

శుక్రవారం రివిజనక్క ఒక్కతే బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళింది. తోడికోడలు అప్పటికే వెళ్ళిపోయిందని అత్తగారు చెప్పింది. గేటు దగ్గర సెక్యూరిటీ బెంచీ మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. గ్రీజు మరకల చొక్కా, రేగిన జుట్టు, కాళ్ళ మధ్య గోనెసంచి. సంచి మూతి తెరుచుకుని అందులో పగిలిన ఇనుప ముక్కలు కనిపిస్తున్నాయి. అది ఏమిటో ఆమెకి అడగక్కర్లేకపోయింది.

"నిన్న పొద్దున వచ్చాడు. కాలనీ పంపు మెకానిక్కు. గూడు తీసుకునే వెళ్తానని కూర్చున్నాడు" అన్నాడు అటుగా వచ్చిన ఫోర్‌మన్. "జ్వరం తగ్గిందా అక్కా?"

"ఏం, నిన్న కొట్టలేదా?"

"ఎక్కడ కొడతాం? ఆ గడేదో ఖాళీగా ఉందని సిస్టమ్ ఆపేసింది. నీ ఓకే లేనిదే డ్రాయింగు బయటికే రానంటుంది. బీరువాలో వెతికితే మూడు పాత కాగితాలు దొరికాయి, మూడింటిదీ ఒకటే నంబరు. పగిలినదాన్ని కొలుద్దామంటే సరిగ్గా రంధ్రాల దగ్గరే పగిలింది."

"నాకు ఫోన్ చెయ్యొచ్చు కదా."

"చేద్దామనే ఫోన్ తీశా. మీ తోడికోడలు చేతిలోంచి లాక్కుంది. ఇన్నేళ్ళలో అక్క ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టడం ఇదే మొదటిసారి, ఇవాళ ఆవిడకి ఫోన్ చేస్తే ఊరుకోను అంది. అందరికీ చెప్పింది."

రివిజనక్క బెంచీ వైపు చూసింది, మళ్ళీ ఫోర్‌మన్ వైపు చూసింది. తనని మరిచిపోయారని తను అనుకున్న రోజంతా వాళ్ళు తన కోసమే ఆగి ఉన్నారు. ఆ నిశ్శబ్దం తోడికోడలు తనకి కట్టిపెట్టిన విశ్రాంతి. సిగ్గుతో ఆమె ముఖం నిజంగానే వేడెక్కింది. ఆ సిగ్గు అడుగున, చెప్పుకుంటే పరువు పోతుంది గాని, మళ్ళీ అదే మంట: మంచితనంలో కూడా తోడికోడలే ముందు నిలబడింది.

డిజైన్ హాల్లోకి వెళ్ళేసరికి మేనేజరు గొంతు వినిపించింది. అందరూ స్క్రీన్లలోకి తలలు దూర్చి చెవులు ఇటు పెట్టారు. తోడికోడలు ఆయన ముందు నిలబడి ఉంది.

"రోజంతా ఆర్డరు ఆపేసి కూర్చున్నారు. అక్కడ జనం బిందెలు పట్టుకుని నిలబడ్డారు. సిస్టమ్ పెట్టుకున్నది పని ఆపడానికా? ఒక్క ఫోన్‌తో పోయేది."

"గడి ఖాళీగా ఉంటే ఆగాలని నియమం పెట్టింది నేనే సార్. ఖాళీ అంటే అన్నిటికీ అనుకోవడం వల్లే ఇన్నాళ్ళూ తప్పులు జరిగాయి. తప్పు గూడు పంపడం కన్నా ఒక రోజు ఆగడం నయమనుకున్నాను. ఫోన్ చెయ్యొద్దన్నది కూడా నేనే. ఏమన్నా నన్ను అనండి."

"అనక ఏం చేస్తాను? సోమవారం చప్పట్లు కొట్టించాను, ఇవాళ జనరల్ మేనేజరుకి ఏం చెప్పను?"

అప్పుడే తోడికోడలు గుమ్మంలో ఉన్న రివిజనక్కని చూసింది. ఆమె చూపు నేరుగా వచ్చి ఈమె పెదవుల దగ్గర ఆగింది. నవ్వుతుందేమోనని చూసిన చూపు అది. రివిజనక్క గుర్తు పట్టింది. సోమవారం నుంచి తను ఇంటికీ ఆఫీసుకీ మోస్తున్నది అలాంటి చూపే.

నవ్వక్కర్లేదు. ఏమీ అనకుండా వెళ్ళి కూర్చుని గడి నింపితే చాలు. అందరూ రివిజనక్క వచ్చింది, పని అయిపోయింది అనుకుంటారు. ఆమె కోరుకున్నదీ అదే. కుర్చీ మళ్ళీ నిండుతుంది.

"ఆ గడి ఖాళీగా వదిలింది నేను సార్" అంది.

మేనేజరు తిరిగాడు. "రండి మేడమ్. జ్వరంలో మర్చిపోయి ఉంటారు, దానికేముంది."

తప్పించుకునే దారి ఆయనే చూపించాడు. ఆమె ఆ దారి వంక ఒకసారి చూసింది కూడా.

"మర్చిపోలేదు. తెలిసే వదిలాను. జ్వరం కూడా లేదు." ఒక అడుగు లోపలికి వేసింది. "నన్ను అడుగుతారని వదిలాను."

హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. మేనేజరు ఏదో అనబోయి, కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ముందు ఆ పని కానివ్వండి. తరవాత గదికి రండి" అని వెళ్ళిపోయాడు. తోడికోడలు తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు.

రివిజనక్క గడి నింపింది. పాత పంపులు ఎక్కడితో ఆగాయో, కొత్తవి ఎక్కడ మొదలయ్యాయో, దూరం ఎందుకు మారిందో, మార్చినాయన ఎవరో, అన్నీ రాసింది. క్షణంలో ఆర్డరు షాపుకి వెళ్ళిపోయింది. ఆ వేగం చూస్తే ఆమెకి భయమేసింది. తరవాత మేనేజరు గదిలో తలుపు మూసి ఆయన చెప్పాల్సింది చెప్పాడు. ఆమె విన్నది. బయటికి వచ్చి మిగిలిన పాత పంపుల వివరాలు తెరిచి ఒక్కొక్కటీ ఎక్కించడం మొదలుపెట్టింది. బుర్రలో ఉన్నది బుర్రలోంచి దిగుతూ ఉంది. ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు ఉంది.

మధ్యాహ్నం ఫోర్‌మన్ అలవాటుగా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "అక్కా, ఈ సీలు ప్లేటు రెండిట్లో ఏది..."

"సిస్టమ్‌లో పెట్టాను. చూసుకో."

అతను వింతగా చూసి లేచి వెళ్ళాడు. అతను వెళ్ళాక కుర్చీ స్పాంజి నెమ్మదిగా పైకి లేచి సర్దుకుంది. ఆమె సీసా మూత తీసి మంచినీళ్ళు తాగింది.

సాయంత్రం ఆఫీసు వదిలేసరికి మెకానిక్కు కొత్త గూడుని అదే గోనెసంచిలో చుట్టి భుజాన వేసుకుని గేటు దాటుతున్నాడు. బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాడు గాని నడక మాత్రం పరుగే.

బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. మరెక్కడా ఖాళీ లేకపోవడం వల్ల తోడికోడలు వచ్చి పక్కన కూర్చుంది. చాలా దూరం ఎదుటి అద్దంలోంచి రోడ్డే చూస్తూ ఉంది.

"నిన్న సాయంత్రం మీరు మేలుకునే ఉన్నారు కదక్కా" అంది చివరికి.

"ఉన్నాను."

"తెలుసు. కాలివేళ్ళు బిగించుకుని ఎవరూ నిద్రపోరు." ఒళ్ళోని సంచి సర్దుకుని, "అయినా లేపలేకపోయాను. లేపితే ఏం చెబుతారోనని భయమేసింది" అంది.

"సోమవారం నా వైపు తిరిగి ఎందుకు నవ్వావు?" అని అడిగింది రివిజనక్క.

తోడికోడలు అర్థం కానట్టు చూసింది. "చప్పట్లు కొడుతుంటే ఎటు చూడాలో తెలియలేదు. ఆ గదిలో నా మనిషి మీరొక్కరే కదా."

స్టాపు వచ్చింది. ఇద్దరూ దిగి, ఒకరి వెనక ఒకరు ఇంటిదాకా నడిచారు.

అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. పెద్దకోడలి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "తగ్గిందా జ్వరం?"

"దిగినట్టే ఉందత్తయ్యా" అంది చిన్నకోడలు, మెట్ల మీద కాలు పెడుతూ. గొంతులో ఇంకా కోపం ఉంది.

రివిజనక్క చెప్పులు విడిచి, వాటిని వరసగా సర్ది, నిటారుగా నిలబడింది.

"పూర్తిగా తగ్గలేదత్తయ్యా. ఇంకా కొంచెం ఉంది" అంది, మెట్ల వైపు చూస్తూ.

మెట్ల మీద అడుగులు ఆగాయి. తోడికోడలు వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. చూసి, రెయిలింగు పట్టుకుని, ఆపుకోలేక నవ్వింది.

"జ్వరం ఉందంటుంటే నవ్వుతుందేమిటే ఇది?" అంది అత్తగారు.

"నవ్వనివ్వండి" అని రివిజనక్క లోపలికి వెళ్ళి పొయ్యి మీద టీకి ముగ్గురికి సరిపడా నీళ్ళు పెట్టింది.